గొంతుతో నేయు వస్త్రము



వస్త్రమును గూర్చి రేడియోలో ప్రసంగింపవలసి వచ్చినప్పుడు తొలుత నాకు కొంత దిగులు కలిగినది. ధర్మవరపు పట్టుచీరె యంచును మాటలతో వర్ణింపబూనినవాడు ఎంతటి వాక్చాతుర్యము కలవాడైనను, వినువారి మనస్సులో మెదలునది వారివారి పెట్టెలలోని మరియొక చీరెయంచే కాని అతడు చూచిన యంచు కాదు. కలంకారీ కొమ్మకు ఎన్ని వంపులున్నవో, ఆ వంపులలో ఏది చేయి తిరిగిన పనివానిదో గొంతుతో చేరవేయుట యెవరి తరము? ఇట్లు తలపోయుచుండగా, మాటలలో శేషము లేకుండ చెప్పదగిన వస్త్రమొకటి లోకమున కలదనియు, దానిని చెవితో వినినవాడు కంటితో చూడకుండనే మగ్గముమీద నేయగలడనియు నాకు జ్ఞప్తికి వచ్చినది. అది స్కాట్లండు దేశపు గళ్ళ ఉన్నిబట్ట. దాని పేరు టార్టాన్. అందును ఒక వంశమునకో సైనికదళమునకో కాక, ఒకే మనిషికొరకు, అతని యింటికొరకు కూర్పబడిన టార్టాన్‌ను గూర్చి నేడు కొంత చెప్పదలచినాను. శ్రోతలు కాగితమును పెన్సిలును దగ్గర నుంచుకొనిన మంచిది.

చూచుటకు అది గళ్ళగుడ్డయే. మన లుంగీలలో గళ్ళున్నవి. రైతు తలకు చుట్టుకొను రుమాలులో గళ్ళున్నవి. మన కోస్తా మగ్గములనుండి మదరాసు రుమాళ్ళను పేర సముద్రములు దాటి పశ్చిమాఫ్రికా వరకు పోయిన బట్టలలోను గళ్ళే యున్నవి. అయితే మన నేతగాడు పడుగులో ఒక వరుసను, పేకలో మరియొక వరుసను పెట్టినను అడుగువారు లేరు. టార్టాన్ నేతగానికి ఆ స్వేచ్ఛ లేదు. పడుగులో ఏ రంగు ఎన్ని పోగులు ఏ క్రమమున సాగినవో, పేకలోను సాధారణముగా ఆ రంగే, అన్ని పోగులే, ఆ క్రమముననే సాగవలెను. కావున వరుసను ఒక్కమారు చెప్పినచో నిలువును అడ్డమును రెండును చెప్పినట్లే. ఈ వరుసను అక్కడివారు సెట్ అందురు. ఇంకొక సౌలభ్యమేమనగా, ఈ వరుస ఒక కొననుండి బయలుదేరి రెండవ కొనకు పోయి, వచ్చిన దారినే వెనుకకు మరలును; మన గుడి ముంగిట ముగ్గు పెట్టు పడుచు ఒక ప్రక్క చుక్కలను లెక్కించుకొని రెండవ ప్రక్కను లెక్క లేకుండనే పూర్తిచేసినట్లు, సగము తెలిసిన తక్కిన సగము దానంతట వచ్చును.

ఉదాహరణకు నేనే యొకదానిని కల్పించి చెప్పెదను. ఇది యెవరిదియు కాదు. బూడిదవన్నె 24 పోగులు, నలుపు 8, మరల బూడిద 4, ఎరుపు 2. ఇచట మలుపు. ఎరుపునుండి వెనుదిరిగి బూడిద 4, నలుపు 8, ఆపై మొదటి బూడిద 24. మలుపు తిరుగుచోట్ల నుండు రంగును రెండుమార్లు లెక్కింపరాదు. కనుక ఒక ఆవృత్తికి 50 పోగులు. అంగుళమునకు 25 పోగుల చొప్పున నేసినచో రెండంగుళముల గడి ఏర్పడి, పిదప అదియే బట్ట పొడవునను వెడల్పునను మరల మరల వచ్చుచుండును. వ్రాతలో ఈ మలుపు పోగుల సంఖ్యకు ముందొక వాలుగీత గీయుదురు. బుకానన్ వంశమువారి గళ్ళవలె మలుపు లేక ఒకే దిక్కున సాగిపోవు వరుసలు కొన్ని లేకపోలేదు గాని, అవి వింతలుగానే యెంచబడుచున్నవి.

ఇక రంగుల సంగతి. నేను చెప్పిన వరుసలో మూడే రంగులు. కాని నేసిన బట్టలో కంటికి ఆరు కనబడును. బూడిద పడుగును బూడిద పేక దాటినచోట అచ్చమైన బూడిద. నలుపును నలుపు దాటినచోట అచ్చమైన నలుపు. ఎరుపును ఎరుపు దాటినచోట, రెండేసి పోగుల మేర, అచ్చమైన ఎరుపు. తక్కిన తావులలో రెండు రంగులు కలిసికొని, బూడిదనలుపు, బూడిదఎరుపు, నలుపుఎరుపు అను మూడు మిశ్రమములు పుట్టును. నాలుగు రంగులు పెట్టినచో పది, ఆరు పెట్టినచో ఇరువదియొకటి. రంగు లొక్కొక్కటి పెరిగిన కొలదియు మిశ్రమములు గుంపులుగా పెరుగుట వలననే, ఉత్సాహవంతుడైన కొత్తవాడు తన యిష్టమైన రంగులన్నియు ఒకే సెట్‌లో కుక్కినప్పుడు బట్ట మసకబారి, దూరమునుండి చూచువారికి బురదవలె కనబడును. తెలిసినవాడు మూడు నాలుగు రంగులతో తృప్తి చెందును.

ఈ మిశ్రమము అద్దకపు తొట్టిలో జరుగునది కాదని మనము గుర్తింపవలెను. ఆ బట్టను సాదానేతగా నేయరు. పేకపోగు రెండు పడుగుపోగుల మీదుగా పోయి, తరువాతి రెండింటి క్రిందుగా దూరి, మరల రెండింటి మీదుగా పోవును. తరువాతి పేకపోగు ఒక పోగు ప్రక్కకు జరిగి అట్లే చేయును. దానితో బట్టనిండ సన్నని ఏటవాలు గీతలు పడును. రెండు రంగులు కలియుచోట ఒక గీత ఒక రంగుది, మరుగీత రెండవదానిది. దగ్గరగా చూచిన అవి విడివిడిగానే యున్నవి. నాలుగడుగులు వెనుకకు జరిగి చూచిన కలిసిపోయినవి. అనగా వాటిని కలిపినది నేతగాడు కాదు, చూచువాని కన్ను. నా వరుసలో ఎరుపునకు రెండే పోగులిచ్చుటకును కారణమిదియే. తెల్లని నుదుట కుంకుమబొట్టు ఎంత యుండవలెనో, బూడిద నేలపై ఎరుపు అంతయే యుండవలెను. ఆ రెండు పోగులును తీసివేసినచో తక్కిన నలువదియెనిమిది పోగులకును ప్రాణముండదు.

పోగులను ఇట్లు సంఖ్యలుగా దాచుకొనుట నేటి మరమగ్గముల కాలమున వచ్చిన యలవాటు కాదు. స్కాట్లండునకు పడమట సముద్రములో చెదరియున్న ద్వీపములలో స్కై అనునొకటి కలదు. ఆ ద్వీపమున పుట్టిన మార్టిన్ మార్టిన్ అను పండితుడు 1703లో ఆ ప్రాంతములను వర్ణించుచు ప్రకటించిన గ్రంథములో, అక్కడి స్త్రీలు చారలలోని ప్రతి పోగు సంఖ్యను ఒక కొయ్యముక్కపై గుర్తించి యుంచుకొని, దానిని బట్టి నేతకు లెక్క తప్పకుండ చూచుకొందురని వ్రాసినాడు. ద్వీపద్వీపమునకు గళ్ళు వేరగుటచేత, మనిషి బట్ట చూచి అతని ఊరు చెప్పవచ్చుననియు ఆయన యన్నాడు. ఊరు చెప్పవచ్చుననెనే కాని వంశము చెప్పవచ్చునని అనలేదు. ఈ భేదము పాఠకులు చాలమంది గమనింపక దాటిపోయినది. ఆ కొయ్యముక్కను తలచినప్పుడెల్ల నాకు మన పల్లెలలో పాలవాడు గోడమీద బొగ్గుతో గీయు గీతలు గుర్తుకు వచ్చును. అక్షరములు రానివారికిని లెక్క రాక తప్పదు కదా!

వంశమునకొక టార్టాన్ అను నమ్మకము, చాలమంది తలచునట్లు, ఇతిహాసకాలము నాటిది కాదు. ఆ కథ దీర్ఘమైనది; దానిని నేను త్వరగా దాటెదను. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ రణభూమిలో స్కాట్లండు ఉత్తరపు కొండసీమయైన హైలాండు జాతులవారు రాజసేన చేతిలో ఓడిపోయిరి. ఆ వెంటనే వచ్చిన చట్టము, 1747 ఆగస్టు మొదటి తేదీనుండి, సైన్యములో చేరినవారికి తప్ప తక్కిన పురుషులకు కొండవారి వేషమును నిషేధించినది. మొదటి తప్పునకు ఆరు నెలల చెర, రెండవ తప్పునకు ఏడేండ్ల ద్వీపాంతరవాసము. 1782లో ఆ చట్టము రద్దగునప్పటికి ఒక తరము గడచిపోయినది. పాత కొయ్యముక్కలు ఎన్ని పొయ్యిలలో కాలిపోయినవో! పిదప బానక్‌బర్న్ అను ఊరిలోని విల్సన్ కుటుంబమువారి నేతశాల, సైనికదళములకును పట్టణ ప్రజలకును గళ్ళబట్టలు నేయుచు, తన వరుసలన్నింటిని 1819 నాటి యొక పుస్తకములో పోగుల సంఖ్యలతో సహా వ్రాసి యుంచినది. ఆ వరుసలలో కొన్నింటికి పేర్లు, కొన్నింటికి ఉత్త అంకెలు. 1815 ప్రాంతమున లండనులోని హైలాండు సంఘమువారు వంశాధిపతులను తమతమ నిజమైన గళ్ళముక్కలను ముద్రవేసి పంపుడని కోరగా, తమ గళ్ళేవో ఇతరుల నడిగి తెలిసికొనవలసిన దుస్థితి వారిలో అనేకులకు పట్టినది. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో నగరమునకు వచ్చినప్పుడు ఆ వేడుకలకు సూత్రధారి నవలాకారుడైన సర్ వాల్టర్ స్కాటు. రాజుగారు 1,300 పౌండ్లకు పైగా వెచ్చించి కొండవారి వేషము కుట్టించుకొని, మోకాళ్ళు కనబడకుండ గులాబీవన్నె మేజోళ్ళు తొడిగికొని దర్శనమిచ్చిరి. నాడు టార్టాన్‌కు పట్టిన వెఱ్ఱి నేటికిని వదలలేదు. 1842లో తాము స్టూఅర్టు రాజవంశపు మనుమలమని చెప్పుకొన్న సోదరులిద్దరు ప్రాచీన తాళపత్రము వంటి దొకటి దొరికినదని వంశముల గళ్ళను వర్ణించు గ్రంథమును ప్రకటించిరి. అది వట్టి కల్పనయని పిమ్మట తేలినను, దానిలోని గళ్ళను నేటికిని వంశస్థులు పెండ్లిండ్లకు ధరించుచునే యున్నారు. తాతలు నేతులు త్రాగిరన్న మాట ఒక్క మనదేశపుది కాదు.

ఇట్టి వాతావరణములో, తాతల ప్రసక్తి తేకుండ, ఇది నేను నేడు కూర్చినదే యని ఒప్పుకొనుచు ఒక పెద్దమనిషి టార్టాన్ కల్పించినాడనుట నాకు ముచ్చటగా తోచును. ఆయన విక్టోరియా రాణి భర్త ఆల్బర్టు. ఆయనకు స్కాట్లండులో పూర్వులు లేరు. జర్మనీలోని కోబర్గు ఆయన సీమ. 1842లో భార్యాభర్తలు తొలిసారి స్కాట్లండు చూచిరి. 1848లో డీ నది యొడ్డున బాల్మోరల్ అను భవనమును కౌలునకు తీసికొని, 1852లో కొనిరి. ఆ అడవులును కొండలును ఆల్బర్టునకు తన బాల్యపు తురింగియా అడవులను స్మరింపజేసినవట. పాత భవనము చాలక, అబర్డీను నగరపు వాస్తుశిల్పి విలియం స్మిత్ చేత క్రొత్త కోట కట్టింపబూని, 1853 సెప్టెంబరు 28న శంకుస్థాపన చేసిరి. రాయి దూరమునుండి తేలేదు. ఆ భూమిలోనే త్రవ్విన లేత బూడిదవన్నె గ్రానైటు. ఇంచుమించుగా ఆ 1853 ప్రాంతముననే ఆల్బర్టు తన యింటి టార్టాన్‌ను కూర్చినాడు.

దాని నేల బూడిదరంగు. దానిపై వెడల్పులు వేరైన నల్లని చారలును, వాని నడుమ సన్నని ఎర్రని గీతలును. ఎఱ్ఱని నేలపై పచ్చలు నీలములు పరచిన స్టూఅర్టు రాచగళ్ళ ప్రక్కన దీనిని పెట్టి చూచిన, కళ్యాణమండపములో పట్టుచీరెల నడుమ నేతచీరె కట్టుకొని వచ్చిన పెద్దమ్మవలె నుండును. ఆ కోటలోపల తివాచీలకును తెరలకును స్టూఅర్టు గళ్ళను విరివిగా వాడిన ఆల్బర్టునకు ఆడంబరము గిట్టదనుటకు వీలులేదు. ఆయన తనదియని చెప్పుకొనదలచిన బట్టకు మాత్రము వంశచరిత్రను వెదకక, కిటికీ బయట కనబడు రాతిని వెదకినాడు.

ఆ బూడిదరంగు ఎట్లు వచ్చినదో వినుడు. నలుపును తెలుపును తొట్టిలో కలిపి అద్దిన బూడిద కాదది. ఒక నల్లని పోగును ఒక తెల్లని పోగును జతచేసి పురివేసిరి. అట్టి జంటపోగుతో నేసిన నేల, దగ్గరగా చూచిన నలుపు తెలుపు చుక్కలుగా మెఱయును. దూరమునుండి చూచిన, ఉలి తగిలి గరుకుదేరిన గ్రానైటు గోడవలె నుండును. గ్రానైటు ముక్క నొకదానిని చేతిలోనికి తీసికొని చూచిన సంగతి తెలియును: అది నిజముగా బూడిదరంగు రాయి కాదు, తెల్లని రవ్వలును నల్లని రవ్వలును కలిసినది. టార్టాన్‌లో రంగులను కలుపుపని కన్నునకు వదలుట నేతధర్మమని ముందే చెప్పితిని గదా. పడుగు పేకల కూడలిలో జరుగవలసిన ఆ పనిని ఆల్బర్టు కూడలివరకు ఆగనీయక పోగులోపలనే జరిపించినాడు. శాస్త్రములు చదివిన మనిషి, యంత్రముల ప్రదర్శనశాలకు ప్రాణము పోసిన మనిషి. రాతిని కంటితో చూచుటయు, దానిని పోగులుగా విడదీసి యోచించుటయు ఆయనకు రెండు పనులు కావు. రాతిని బట్టగా మార్చిన కవులు ఉన్నారేమో. లెక్క కట్టి మార్చినవారు అరుదు.

1861 డిసెంబరులో ఆల్బర్టు నలువదిరెండేండ్ల వయస్సున మరణించెను. బట్ట మిగిలినది. ఆ గళ్ళను రాజుగాని రాణిగాని, వారి యనుమతి పొందిన కుటుంబసభ్యులు కొందరును మాత్రమే ధరించుట ఆచారము. ఎలిజబెత్తు రాణి ఆ గళ్ళ పావడాలను ఆ కోటలో నుండునప్పుడు తరచు ధరించెడిది. కుటుంబమునకు వెలుపల దానిని ధరించు హక్కు ఒకే ఉద్యోగికి కలదు. అతడు రాజుగారి సొంత బ్యాగ్‌పైపు వాద్యకారుడు. ఆ యుద్యోగమును విక్టోరియా రాణి 1843లో ఏర్పరచినది. అతడు ఉదయము తొమ్మిది గంటలకు కిటికీ క్రింద వాద్యము ఊదుట నియమము. మన దేవాలయములలో సుప్రభాతవేళ నాదస్వరమువంటిదనుకొనవచ్చును, మేలుకొలుపు మాత్రము కొంత ఆలస్యము. తక్కిన సేవకులకును వేటకాండ్రకును ఆ గళ్ళు లేవు; వారికి బాల్మోరల్ ట్వీడు అని వేరొక బట్ట.

ఇచటనే నాకొక వినోదము తోచును. ఆ వరుసను దాచిపెట్టుటకు వీలులేదు. బట్టను కంటితో చూచిన నేతగాడెవడైనను భూతద్దము పెట్టి పోగులు లెక్కించుకొని మరునాడే మగ్గమెక్కింపగలడు. పెట్టెకు తాళము వేయవచ్చును. నేను కల్పించిన 24, 8, 4, 2 వంటి అంకెలకు ఏ తాళము వేయుదుము? ఆ బట్టను ఒక కుటుంబపు సొత్తుగా నూటడెబ్బది యేండ్లు నిలిపినది సైనికుల కావలి కాదు, అడుగక ధరింపరాదను మర్యాద. ఎరువు నగ పెట్టుకొని పేరంటమునకు వచ్చిన ఇల్లాలిని, అది ఎవరిదో తెలిసియు, ఏ పెద్దముత్తైదువయు నలుగురిలో అడుగదు. అయినను ఎరువు తెచ్చుకొనుట కొక హద్దు కలదు. అట్టిదే ఇదియును.

నేడు రాజులే కానక్కరలేదు. ఎవరైనను తమకొక టార్టాన్ కూర్చుకొనవచ్చును. స్కాట్లండు శాసనసభ 2008లో చేసిన చట్టమును అనుసరించి, 2009 ఫిబ్రవరిలో టార్టాన్‌లకొక ప్రభుత్వ దస్తరము తెరువబడినది. అది ఎడింబరోలో కలదు. అచట నమోదునకు కావలసినవి రంగుల వరుస, పోగుల సంఖ్య, పేరు, ఆ పేరుతో కూర్చినవారికి గల సంబంధము, అంతకు పూర్వము నమోదైన వానికి భిన్నమై యుండుట. బట్ట నేసి చూపక తప్పదను నియమము లేదు. నేయుటకు వీలైన వరుసయైన చాలును. అనగా సంఖ్యలే వస్త్రమని చట్టమే అంగీకరించినది. వంశములు, జిల్లాలు, విశ్వవిద్యాలయములు, వ్యాపారసంస్థలు, ఒంటరి మనుషులు అందరును అందున్నారు. 2023లో మూడవ చార్లెస్ రాజు పట్టాభిషేకమునకు స్కాట్లండు టార్టాన్ సంఘమువారు ఆయన పేర క్రొత్త టార్టాన్‌ను కూర్చినప్పుడు, ఆధారముగా తీసికొన్నది ఆల్బర్టు నాటి పాత బాల్మోరల్ గళ్ళనే.

సంఖ్య నిలిచినను రంగు నిలువదను మాట మరచితిని. దస్తరములో బూడిద యని వ్రాసినచో ఏ బూడిద? బొగ్గుబూడిదయా, పిడకబూడిదయా? ఇందులో నేతగాని ఇష్టమునకు చాల చోటున్నది. ఒకే వరుసను ముదురు రంగులలో నేసిన దానిని ఆధునికమనియు, చెట్ల రంగులవలె లేతగా నేసిన దానిని ప్రాచీనమనియు, ఎండవానలకు వెలిసినట్లు నేసిన దానిని వెలిసినదనియు అంగళ్ళలో పిలుతురు. వెలిసిన రంగుల ఆలోచన ఇరువదవ శతాబ్దిలో పుట్టినది. పాతదిగా కనబడునవే అన్నింటికంటె క్రొత్తవి. నిజమైన పాత రంగులు రాళ్ళపై పాచినుండియు, చెట్ల బెరళ్ళనుండియు, ఓడలపై వచ్చిన సరకులనుండియు వచ్చెడివి. ఆ ఎరుపు అమెరికా ఖండపు కొచినీల్ పురుగుది; ఆ నీలము నీలిమందుది. పందొమ్మిదవ శతాబ్దిలో బ్రిటనుకు దిగిన నీలిమందులో హెచ్చు భాగము వంగదేశపు చేలలో పండినది. ఉత్తరపు కొండవీరుని నీలపుచారలో మన రైతు చెమట ఏ మేరకున్నదో పోగుల లెక్క చెప్పదు.

నాకు కేటాయించిన సమయము ముగియవచ్చినది. పెన్సిలు చెక్కుకొనుచుండి తొలిభాగమున వ్రాసికొనలేకపోయినవారికొరకు మరల చెప్పుచున్నాను. బూడిద ఇరువదినాలుగు. నలుపు ఎనిమిది. బూడిద నాలుగు. ఎరుపు రెండు. అచటినుండి వెనుకకు.